ఇంటివద్ద స్పీచ్ థెరపీ: దగ్గు రాకపోతే మింగడం బాగున్నట్లేనా?

ప్రశ్న

ఆసుపత్రిలో కొన్నేళ్లు స్పీచ్ థెరపిస్టుగా పనిచేసి, ఇటీవలే రోగుల ఇళ్లకు వెళ్లి చికిత్స చేసే పనిలో చేరాను. అక్కడ మింగడంపై అనుమానం వస్తే వీడియోఫ్లోరోస్కోపీకి, అంటే మింగుతున్నప్పుడు తీసే ఎక్స్‌రే వీడియో పరీక్షకు, పంపేవాళ్లం. ఇక్కడ మంచం పక్కన నేనూ, రోగీ, ఆయన కుటుంబమూ తప్ప మరెవరూ ఉండరు. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనకు ద్రవాలను పొడి కలిపి చిక్కబరచి ఇవ్వమని ఆసుపత్రివారు రాసి పంపారు. పలుచని నీళ్లు తాగినా ఆయనకు పొలమారడం లేదనీ, దగ్గు రావడం లేదనీ, కాబట్టి ఆ పొడి మానేస్తామనీ ఇంట్లోవారు పట్టుబడుతున్నారు. ఆయనకు అఫేసియా (మెదడు దెబ్బతినడం వల్ల మాట్లాడడం, అర్థం చేసుకోవడం కష్టమయ్యే స్థితి) కూడా ఉంది. నేనేది అడిగినా కుమారుడే జవాబు చెప్పేస్తున్నారు. ఈ రెండు విషయాల్లో అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

సమాధానం 1

దగ్గు రాలేదన్న ఒక్క కారణంతో ఆంక్ష ఎత్తివేయకండి. పక్షవాతం తరువాత స్వరపేటికలో స్పర్శజ్ఞానం తగ్గినవారికి ద్రవం స్వరతంత్రులు దాటి శ్వాసనాళంలోకి దిగినా దగ్గు రాకపోవచ్చు. దీనినే సైలెంట్ ఆస్పిరేషన్ అంటాం. మంచం పక్కన కూర్చుని చేసే పరీక్షతో ఇది లేదని తేల్చలేము; పల్స్ ఆక్సీమీటరు అంకె పడిపోలేదు కదా అని ధైర్యపడడానికీ వీలులేదు. అందువల్ల వీడియోఫ్లోరోస్కోపీ గాని, ముక్కు గుండా సన్నని గొట్టం పంపి చూసే ఎండోస్కోపీ గాని చేయించమని వైద్యునికి రాయండి. ‘మింగడంలో ఇబ్బంది ఉంది’ అని రాస్తే ఆ కాగితం ఫైలులోనే ఉండిపోతుంది. గుటక వేశాక గొంతు తడిగా, గరగరమంటూ వినిపిస్తోందా, బుగ్గలో ఆహారం మిగులుతోందా, భోజనానికి పట్టే సమయం పెరిగిందా, బరువు తగ్గిందా, కారణం తెలియని జ్వరం వచ్చిందా అన్నవి విడివిడిగా రాయండి.

ఇక ఇంట్లోనే దొరికే అవకాశం ఒకటుంది: మీ సందర్శనను భోజన వేళకు మార్చుకోండి. ఎవరు తినిపిస్తున్నారు, ఎంత వేగంగా తినిపిస్తున్నారు, ఆయన నిటారుగా కూర్చున్నారా, వెనక్కి వాలి ఉన్నారా, కట్టుడు పళ్లు పెట్టుకున్నారా, ఎదురుగా టీవీ మోగుతోందా అన్నవి ఆసుపత్రి గదిలో ఎన్నడూ తెలియవు. తిన్న తరువాత కనీసం అరగంటసేపు కూర్చోబెట్టమని చెప్పండి. గడ్డం వంచి మింగమనే సలహా అందరికీ సరిపడదు గనుక, పరీక్షలో దాని ఫలితం చూడకుండా అలవాటు చేయవద్దు.

వారు కలిపే చిక్కదనాన్ని కూడా మీ ఎదుటే చూడండి. ఆహార, ద్రవాల చిక్కదనానికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐడీడీఎస్ఐ పద్ధతిలో 10 మిల్లీలీటర్ల సిరంజిని 10 మి.లీ. వరకు నింపి, 10 సెకన్లు కారనిచ్చి, మిగిలినది కొలుస్తారు: 1 నుంచి 4 మి.లీ. మిగిలితే 1వ స్థాయి, 4 నుంచి 8 అయితే 2వ స్థాయి, 8కి పైన, 10 లోపు మిగిలితే 3వ స్థాయి. సిరంజిలన్నీ ఒకే పొడవుండవు; సున్నా గీత నుంచి 10 గీత వరకు 61.5 మి.మీ. ఉన్నదే వాడాలి. పిండిపదార్థంతో చేసిన పొడి కలిపి ఉంచేకొద్దీ మరింత చిక్కబడుతుంది, నోట్లో లాలాజలం తగిలితే పలుచబడుతుంది. క్సాంథన్ గమ్‌తో చేసినది అంతగా మారదు.

కుటుంబం మొండికేస్తోందని మాత్రం అనుకోకండి. చిక్కని నీళ్లు ఇష్టపడనివారు తక్కువ తాగుతారు, దానితో శరీరంలో నీరు తగ్గిపోతుంది. ఈ చిక్కు నిజమైనదే. నోరు బాగా శుభ్రం చేసి, భోజనాల మధ్య మాత్రమే పలుచని నీళ్లు ఇచ్చే పద్ధతి ఈయనకు తగునా అని వైద్యునితో చర్చించండి. నోటి శుభ్రత విషయంలో మాత్రం ఎవరి అనుమతి కోసమూ ఆగనక్కరలేదు: నోట్లోని సూక్ష్మజీవులు ఊపిరితిత్తుల్లోకి చేరడమే న్యుమోనియాకు ముఖ్య కారణాల్లో ఒకటి గనుక ఈరోజే మొదలుపెట్టించండి.

సమాధానం 2

కుమారుని సంగతి చెబుతాను. ఆయనను మాట్లాడవద్దని వారిస్తే నొచ్చుకుంటారు, మీరు వెళ్లిన మరుక్షణం మళ్లీ ఆయనే జవాబు చెబుతారు. అందుకని ఆయన చేతికే పని అప్పగించండి. తండ్రిగారిని ఒక ప్రశ్న అడిగి, రెండు మూడు జవాబులను పెద్ద అక్షరాలతో కాగితంపై రాసి, తండ్రిగారు వేలితో చూపేవరకు మౌనంగా ఆగడం కుమారుని పని. ఆ ఆగడమే అన్నిటికన్నా కష్టం. అంతకుముందు, జవాబు మనకు ముందే తెలిసిన ప్రశ్నలతో తండ్రిగారి ‘అవును’, ‘కాదు’ ఎంతవరకు నమ్మదగినవో మీరు తేల్చుకోవాలి. బొమ్మల కార్డులకన్నా ఇంట్లోని ఫోటోలే నయం. నొప్పి ఎక్కడో చూపడం, ఇంట్లోవారిని పేరుతో పిలవడం వంటి అవసరాలనే లక్ష్యాలుగా పెట్టుకోండి. నేర్పినది కుమారుడు మీ ఎదుట స్వయంగా చేసి చూపాకే బయలుదేరండి. ‘అర్థమైంది’ అన్న మాట చాలదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. పరీక్ష జరిగేలోపే వారు పలుచని నీళ్లు ఇవ్వడం మొదలుపెడితే రికార్డులో ఏమని రాయాలి?

సమాధానం 1 రాసినవారు

మీరు ఏమి చూశారో, ఏ ప్రమాదాన్ని ఎవరికి వివరించారో, రోగికి అర్థమయ్యేలా ఎలా చెప్పారో, వారు ఏమి నిర్ణయించుకున్నారో వరుసగా రాసి, ఆ రోజే వైద్యునికి తెలియజేయండి. ‘సహకరించడం లేదు’ వంటి తీర్పులు రాయవద్దు. జ్వరం వచ్చినా, కఫం పెరిగినా, ఎన్నడూ లేని మగత కనిపించినా ఆలస్యం చేయకుండా వైద్యునికి చెప్పాలనీ, ఊపిరి అందకపోయినా పెదవులు నీలంగా మారినా వెంటనే అత్యవసర చికిత్సకు తీసుకువెళ్లాలనీ వారికి కాగితంపై రాసి ఇచ్చి, ఇచ్చినట్లు కూడా నమోదు చేయండి. తరువాతి సందర్శనను వారం దాకా వాయిదా వేయకుండా రెండు మూడు రోజుల్లోనే పెట్టుకోండి.