బ్రోకర్ లేకుండా ఇల్లు అమ్ముతున్నాం, ఈ కాగితాలు సరిపోతాయా?

అందరికీ నమస్కారం. తెనాలిలో మా నాన్నగారు 1994లో కొన్న ఇల్లు అమ్ముతున్నాం. కొనేవాళ్లు మా వీధివాళ్లే, అందుకే మధ్యలో బ్రోకర్ లేడు. 62 లక్షలకు మాట కుదిరింది, ఇంకా బయానా తీసుకోలేదు.

నాన్నగారు రెండేళ్ల కిందట పోయారు. వీలునామా లేదు. అమ్మ, నేను, చెల్లి వారసులం. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఒరిజినల్ దస్తావేజు, లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు యజమానుల దస్తావేజులు), ఇంటి పన్ను రసీదులు ఉన్నాయి. అమ్మ ఆ ఫైలును బీరువాలో పట్టుచీరల కింద దాచి, రోజూ ఒకసారి తీసి చూసుకుంటోంది.

అసలు టెన్షన్ ఈసీతో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రంతో వచ్చింది. 2009లో బ్యాంకుకు పెట్టిన తనఖా అందులో ఇంకా కనిపిస్తోంది. అప్పు ఎప్పుడో తీరిపోయింది, నో డ్యూ లెటర్ కూడా ఉంది. కానీ తనఖా తీరిపోయిందని బ్యాంకు రాసిచ్చే రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేయించాలని అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు బ్యాంకు నుంచి ఎవరు సంతకం పెట్టాలి? ఇలా చేయించుకున్నవాళ్లుంటే ఎన్నాళ్లు పట్టిందో చెప్పండి.

చెల్లి డాలస్‌లో ఉంటుంది. నిండు నెలలు, ప్రయాణం చేయలేదు. తన తరఫున సంతకం పెట్టే అధికారం ఇస్తూ నా పేరున జీపీఏ రాసి, కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపుతానంటోంది. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు దానికి స్టాంపు డ్యూటీ కట్టాలని తెలుసు. ఇంటి హద్దులు, డోర్ నంబరు కూడా అందులో రాయించాలా? తను ఎన్నారై కాబట్టి తన వాటాకు మామూలు 1 శాతం టీడీఎస్ (కొనేవాళ్లు ఇచ్చే డబ్బులోంచి పట్టుకుని కట్టే పన్ను) కుదరదట. కొనేవాళ్లకు ఇది ఎలా వివరించాలి?

ఇంకొకటి. పాత దస్తావేజులో నాన్నగారి పేరుకు ఒక దీర్ఘం ఎక్కువ పడింది, ఆధార్‌లో లేదు. దీనికి అఫిడవిట్ చాలా? ఇవి తేలేదాకా బయానా తీసుకోవద్దని అమ్మ అంటోంది, నాకూ అదే మంచిదనిపిస్తోంది. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.