వైల్ లూప్‌లో కంటిన్యూ పెడితే ప్రోగ్రామ్ ఆగిపోతోంది

ప్రశ్న:
పైథాన్‌లో మార్కుల లిస్టు ఇది: [72, -1, 65, 48]. పరీక్షకు రానివాళ్లకు -1 వేశాం. వాళ్లను వదిలేసి మిగతావాళ్ల మార్కులు ప్రింట్ చేయాలి. ఐ అంటే లిస్టులో స్థానం చెప్పే నంబరు (ఇండెక్స్), 0తో మొదలుపెట్టాను, అది 4 కంటే తక్కువ ఉన్నంతసేపు లూప్ తిరగాలి. వైల్ లూప్‌లో ముందు -1 ఉందేమో చూసి కంటిన్యూ, తర్వాత ప్రింట్, చివర్లో ఐ += 1 రాశాను. 72 వస్తోంది, ఆపైన కర్సర్ అలాగే ఉండిపోతోంది. ఎర్రర్ కూడా రావట్లేదు. తప్పు ఎక్కడుంది?

జవాబు 1:
ప్రోగ్రామ్ ఆగలేదండీ, ఒకేచోట తిరుగుతోంది. ఐ విలువ 1 అయినప్పుడు -1 తగులుతుంది. కంటిన్యూ రాగానే దాని కిందున్న లైన్లన్నీ వదిలేసి ప్రోగ్రామ్ నేరుగా వైల్ కండిషన్ దగ్గరికి పోతుంది. ఆ వదిలేసినవాటిలో మీ ఐ += 1 కూడా ఉంది! ఐ ఇంకా 1 దగ్గరే ఉంది, 4 కంటే తక్కువే, మళ్లీ అదే -1. ముందు కంట్రోల్ + సి నొక్కి ఆపండి. లూప్‌లోకి రాగానే మార్కును ఒక వేరియబుల్‌లోకి తీసుకుని, వెంటనే ఐ పెంచేసి, ఆ తర్వాతే -1 చెక్ పెట్టండి. నిజానికి ఇక్కడ ఇండెక్స్‌తో పనే లేదు, లిస్టు మీద నేరుగా ఫర్ లూప్ రాస్తే చాలు.

జవాబు 2:
సి లాంగ్వేజ్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. సి ఫర్ లూప్‌లో కంటిన్యూ వచ్చినా బ్రాకెట్లలోని మూడో భాగం, అంటే ఐ++, తప్పకుండా నడుస్తుంది. అదే కోడ్‌ని వైల్‌లోకి మార్చితే ఆ భరోసా ఉండదు. స్విచ్ (విలువను బట్టి దారి ఎంచుకునే స్టేట్‌మెంట్) విషయంలో కూడా జాగ్రత్త: సిలో స్విచ్ లోపలి కంటిన్యూ చుట్టూ ఉన్న లూప్‌కి వర్తిస్తుంది. పీహెచ్‌పీలో మాత్రం అక్కడ ఉత్త కంటిన్యూ బ్రేక్‌లాగే పనిచేస్తుంది, కంటిన్యూ 2 అని రాయాలి.

ప్రశ్న అడిగినవారు:
పనిచేసింది, థాంక్సండీ. -1 కనిపిస్తే దాని తర్వాతి రెండు కూడా వదిలేయాలంటే? ఫర్, రేంజ్‌తో రాసి లోపల ఐ += 2 అన్నా ఏమీ మారట్లేదు.

జవాబు 1:
మారదు. ప్రతి రౌండులోనూ రేంజ్ తన తర్వాతి విలువను ఐలో పెట్టేస్తుంది, మీరు కలిపింది పోతుంది. లిస్టును, అందులోంచి ఒక్కొక్కటిగా అందించే ఇటరేటర్‌ను తయారుచేసే ఇటర్‌కి ఇచ్చి వచ్చినదాన్ని ఒక వేరియబుల్‌లో పెట్టుకోండి, దాని మీదే ఫర్ నడపండి. -1 రాగానే దాని మీద, తర్వాతి విలువను తీసిచ్చే నెక్స్ట్‌ని రెండుసార్లు పిలిచి కంటిన్యూ చేయండి. నెక్స్ట్‌కి రెండో ఆర్గ్యుమెంట్‌గా నన్ (None, అంటే ‘ఏమీ లేదు’) ఇవ్వడం మరవద్దు. లేకపోతే లిస్టు చివర్లో -1 ఉన్నప్పుడు స్టాప్‌ఇటరేషన్ ఎర్రర్ వస్తుంది.

జవాబు 3:
-1లను ఫర్ లోపలే రిమూవ్‌తో తీసేద్దామని మాత్రం అనుకోకండి. [72, -1, -1, 65]లో మొదటి -1 తీయగానే రెండోది ముందుకు జరిగి దాని స్థానంలోకి వస్తుంది, లూప్ ఏమో తర్వాతి ఇండెక్స్‌కి వెళ్లిపోతుంది. ఒక -1 మిగిలిపోతుంది, ఎర్రర్ రాదు. కావలసిన మార్కులతో కొత్త లిస్టు కట్టుకోండి.