లాడ్జి బాత్రూముల్లో చెమ్మ పోవట్లేదు, ఫ్యాన్లు మార్చాలా?

నార్కట్‌పల్లి దగ్గర మాకు 12 గదుల లాడ్జి ఉంది. అమావాస్యకు చెరువుగట్టు గుడికి వచ్చేవాళ్లతో నిండిపోతుంది. గదికి ఐదారుగురు, తెల్లారకముందే వరసగా వేడినీళ్ల స్నానాలు. వాళ్లు ఖాళీ చేశాక బాత్రూమ్ తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన గుప్పుమంటుంది. సీలింగ్ మూలల్లో మిరియాల గింజలంత నల్ల మచ్చలు. బ్లీచింగ్‌తో తుడిపిస్తే పోతాయి, పదిరోజులకు మళ్లీ అక్కడే. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు అన్నీ తిరుగుతూనే ఉన్నాయి. మొన్న ఒకామె చంటిబిడ్డతో వచ్చి, బాత్రూమ్ చూసి, గది వద్దని వెళ్లిపోయింది. ఆ రోజంతా మనసు బాగాలేదు. పెద్ద ఫ్యాన్లు పెట్టించాలా?

ఎలక్ట్రీషియన్, మిర్యాలగూడ:
అన్నా, ఫ్యాన్ తిరగడం వేరు, గాలి లాగడం వేరు. బాత్రూమ్ తలుపు మూసి, టిష్యూ కాగితం ఫ్యాన్ జాలీకి ఆనించి వదిలెయ్యండి. కింద పడిందా? తలుపు కొంచెం తెరిచి మళ్లీ చూడండి. ఇప్పుడు అంటుకుంటే తప్పు తలుపుదే. లోపలికి గాలి రాకుండా బయటికి ఎట్లా పోతుంది? తలుపు కింద రెండు సెంటీమీటర్ల సందు ఉండాలి. చెక్క తలుపు కోయిస్తే అంచుకు పెయింట్ వెయ్యండి, లేకపోతే ఉబ్బుతుంది. తెరిచినా అంటుకోకపోతే జాలీ దుమ్ముతో మూసుకుపోయి ఉండాలి, లేదా పైపు బయటిదాకా వెళ్లకుండా ఫాల్స్ సీలింగ్‌లోనే ఆగి ఉండాలి. 40 చదరపు అడుగుల బాత్రూమ్‌కు నిమిషానికి 50 ఘనపుటడుగులు లాగే ఫ్యాన్ చాలు. డబ్బు తగలెయ్యకండి.

హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్, మహబూబ్‌నగర్:
మా దగ్గర గది ఖాళీ అవగానే మొదటి పని గోడలకు వైపర్ కొట్టడం, పైనుంచి కిందికి. తడి తువ్వాళ్లు వెంటనే తీసేస్తాం. ఆ తర్వాత అరగంట ఫ్యాన్. ఎండాకాలం కిటికీ తీస్తే చాలు, వానాకాలం బయటి గాలే తడి కాబట్టి ఫ్యాన్ ఇంకా ఎక్కువసేపు నడవాలి. తేమ మీటర్ ఒకటి కొనండి, 60 శాతం లోపు ఉంటే మంచిది. రోజుల తరబడి ఖాళీగా ఉన్న గదిలో నీళ్లు పోయే జాలీలో ఒక మగ్గు నీళ్లు పోయించండి. అడుగున ట్రాప్, అంటే వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే వంపు, ఎండిపోతే వచ్చేది డ్రైనేజీ వాసన, అది వేరు.
ఇంకొకటి, బ్లీచింగ్‌ను బాత్రూమ్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపనివ్వకండి. క్లోరిన్ వస్తుంది, పనిచేసేవాళ్ల ఊపిరితిత్తులు పాడవుతాయి.

అడిగినవారు:
తమ్ముడూ, 12లో 9 గదుల్లో కాగితం పడింది. ఏడింటికి తలుపే కారణం. పోయినేడు పాత టైల్స్ మీదే కొత్తవి వేయించాం, నేల లేచి సందు మూసుకుపోయింది. నాకు తట్టనే లేదు. ఒక గదిలో జాలీ విప్పితే దుమ్ము దూదిపరుపులా ఒకే ముక్కగా ఊడొచ్చింది. ఇంకో గదిలో పైపు సీలింగ్‌లోనే ఉంది, మేస్త్రీ గురువారం వస్తానన్నాడు. అప్పటిదాకా ఆ గది ఎవరికీ ఇవ్వట్లేదు. అక్కా, యాసిడ్, బ్లీచింగ్ డబ్బాలు ఈరోజే వేర్వేరు అరల్లో పెట్టించాను.