నాలుగు ఫోన్ల బిల్లు తగ్గించే దారి చెప్పండి

పద్దుపుస్తకం:
మా ఇంట్లో నాలుగు ఫోన్లు: నాది, మావారిది, అత్తయ్యగారిది, హాస్టల్లో ఉన్న అబ్బాయిది. నాలుగూ ఒకే పోస్ట్‌పెయిడ్ బిల్లులో ఉన్నాయి. ఇంటి ఖర్చులన్నీ నేనే రాస్తాను. కరెంటు ఎక్కడ తగ్గించాలో తెలుస్తోంది గానీ ఈ ఫోన్ బిల్లు మాత్రం అంతుపట్టడం లేదు. అత్తయ్యగారు మాట్లాడటానికి తప్ప ఫోన్ ముట్టుకోరు, అయినా ఆవిడ నంబర్‌కి నాకు పడినంతే పడుతోంది. అబ్బాయి డేటా నెల సగంలోనే అయిపోయి అదనపు చార్జీ వస్తోంది. చవక ప్లాన్‌కి మారదామంటే నంబర్లు పోతాయేమోనని టెన్షన్, బ్యాంకు ఓటీపీలన్నీ వాటికే వస్తాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

రిటైర్డ్‌బిల్లింగ్:
ప్లాన్ సంగతి తర్వాత చూద్దాం అమ్మా, ముందు బిల్లు లోపలి పేజీలు తీయండి. నేను ఫోన్ బిల్లుల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఎక్కువొచ్చిందని ఫోన్ చేసేవాళ్లలో చాలామంది మొదటి పేజీలోని మొత్తం ఒక్కటే చూసేవారు. ఒక్కో నంబర్ కింద నెల అద్దె ఎంత, ప్లాన్ దాటిన వాడకం ఎంత, అదనపు సేవలు ఎంత అని విడివిడిగా రాసుకోండి.

అత్తయ్యగారి నంబర్ దగ్గర అదనపు సేవలే ముందు చూడండి. గేములు, కాలర్ ట్యూన్లు, వార్తల మెసేజులు... ఏదో ప్రకటన మీద వేలు పడితే మొదలై, ఎవరో ఒకరు ఆపేదాకా నెలనెలా డబ్బు పోతూ ఉంటుంది. పెద్దవాళ్ల దగ్గర ఇలా వసూలు చేయడం నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. వాటిని ఆపమని అడిగి ఊరుకోకండి. ఇకమీదట అలాంటివేవీ మొదలుకాకుండా ఆ నంబర్‌కి బ్లాక్ పెట్టమని కూడా అడగండి.

ఆవిడకి కాల్స్ మాత్రమే ఉండే చిన్న ప్రీపెయిడ్ చాలు. పోల్చేటప్పుడు గడువు చూడండి. 28 రోజుల ప్యాక్ అయితే ఏడాదికి 12 కాదు, 13 సార్లు వేయించాలి.

ఇంకోటి. ఫోన్ ధరను అద్దెలో కలిపి ఇచ్చే ఒప్పందం ఏదైనా ఉంటే, గడువు తీరాక అద్దె దానంతటదే తగ్గకపోవచ్చు. సిమ్ మాత్రమే ఉండే ప్లాన్‌కి మార్చమని మీరే అడగాలి.

హాస్టల్‌గది:
ఆంటీ, మీ అబ్బాయి ల్యాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ ఇస్తున్నాడేమో అడగండి. ల్యాప్‌టాప్ దాన్ని మామూలు వైఫై అనుకుని అప్‌డేట్లన్నీ దించేసుకుంటుంది. విండోస్‌లో ఆ కనెక్షన్‌ని ‘మీటర్డ్’గా పెడితే చాలావరకు ఆగుతుంది.

తర్వాత వీడియో క్వాలిటీ. నెట్‌ఫ్లిక్స్‌లో హెచ్‌డీ అయితే గంటకు 3 జీబీ వరకు తాగుతుంది, మామూలు క్వాలిటీ 1 జీబీ వరకు. ఫోన్ తెర మీద తేడా పెద్దగా కనబడదు. ఐఫోన్ అయితే ‘వైఫై అసిస్ట్’ ఆపేయమనండి. వైఫై బలహీనంగా ఉన్నప్పుడు చెప్పకుండా మొబైల్ డేటాకి మారిపోయేది అదే. ఐఫోన్‌లో డేటా లెక్క కూడా నెల మారితే దానంతటది సున్నాకి రాదు, బిల్లు తేదీన మనమే రీసెట్ చేసుకోవాలి. ఏ యాప్ ఎంత తింటోందో అప్పుడే సరిగ్గా తెలుస్తుంది.

పద్దుపుస్తకం:
ఇద్దరికీ చాలా థాంక్స్. అత్తయ్యగారి నంబర్ మీద ఏదో గేమ్ సర్వీసు నెలల తరబడి నడుస్తోందండీ! ఆవిడకి ఆ సంగతే తెలియదు. ఆపించి బ్లాక్ పెట్టించాను. అబ్బాయిది హాట్‌స్పాటే. ఇక మావారి నంబర్, నాది వేరే కంపెనీకి మార్చాలంటే ఏం చూసుకోవాలి?

రిటైర్డ్‌బిల్లింగ్:
పాత కనెక్షన్‌ని మీరుగా రద్దు చేయకండి, అలా చేస్తేనే నంబర్ పోతుంది. బకాయి కట్టేసి పోర్టింగ్ కోరండి, కొత్త కంపెనీ అదే నంబర్‌ని తీసుకుంటుంది. ఒప్పందం గడువు మిగిలి ఉందా, ఫోన్ పాత కంపెనీ సిమ్‌కే లాక్ అయి ఉందా అన్నవి ముందే కనుక్కోండి. ధర కన్నా ముందు సిగ్నల్ చూడాలి. రెండు సిమ్‌ల ఫోన్ అయితే కొత్త కంపెనీ చిన్న ప్రీపెయిడ్ సిమ్ ఒకటి రెండో దాంట్లో వేసి, ఇంట్లోనూ మీవారి ఆఫీసులోనూ కొన్నాళ్లు వాడి చూడండి. బాగుందనిపించాకే ఏడాది ప్లాన్ గురించి ఆలోచించండి, ఆ డబ్బు ముందే కట్టేస్తాం కాబట్టి మధ్యలో మానేస్తే తిరిగి రావడం కష్టం.

రెండు నంబర్లూ ఒకేసారి మార్చకండి. ఒకటి మారి, దానికి బ్యాంకు ఓటీపీ వస్తోందని చూసుకున్నాక రెండోది పెట్టండి.