అప్‌డేట్: మా రాణికి షుగరే, ఇప్పుడు కాస్త కుదుటపడింది

పోయిన నెల అడిగాను గుర్తుందా? మా తొమ్మిదేళ్ల లాబ్రడార్ రాణి గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతోంది, తింటున్నా చిక్కిపోతోంది, యూరిన్ స్ట్రిప్‌తో (మూత్రంలో ముంచితే గడుల రంగు మారే పట్టీ) షుగర్ ఉందేమో ఇంట్లోనే చూడొచ్చా అని.

చూశాను. గరిటెతో మూత్రం పట్టే చిట్కా చెప్పిన అక్కకి చాలా థాంక్స్. కావలిలో మా వీధి చివర వేపచెట్టు దగ్గర, తెల్లవారగానే రాణి మూత్రానికి కూర్చున్నప్పుడు పొడుగు కాడ గరిటె వెనకనుంచి పెట్టాను. రెండు రోజులు గరిటె చూసి లేచిపోయింది. మూడో రోజు దొరికింది. స్ట్రిప్ ముంచి డబ్బా మీద రాసినన్ని సెకన్లు ఆగాను. గ్లూకోజ్ గడి ఆకుపచ్చకి, చూస్తుండగానే ముదురు గోధుమ రంగుకి తిరిగింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కీటోన్ (ఒంట్లో కొవ్వు కరిగితే పుట్టే పదార్థం) గడి మాత్రం మారలేదు.

అదే రోజు నెల్లూరు తీసుకెళ్లాం. రక్తంలో షుగర్ 400 దాటింది. కుక్కల్లో అది సుమారు 180-200 దాటితేనే మూత్రంలో కనిపిస్తుందట. కాబట్టి స్ట్రిప్ మారలేదని ధైర్యంగా ఉండిపోకండి, రక్త పరీక్ష చేయించండి. మనుషుల స్ట్రిప్‌లో తెల్లకణాల గడి, స్పెసిఫిక్ గ్రావిటీ (మూత్రం చిక్కదనం) గడి కుక్కలకు అసలు నమ్మలేం.

ఇప్పుడు 12 గంటలకోసారి తిండి, ఇన్సులిన్. స్ట్రిప్ చూసి డోసు మార్చొద్దని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. కీటోన్ గడి రంగు మారినా, వాంతులైనా, తిండి మానేసినా వెంటనే తీసుకురమ్మన్నారు.

నిన్న రాత్రి పెట్టిన నీళ్లు పొద్దున చూస్తే సగం గిన్నె అలాగే ఉన్నాయి. మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.