స్పాండిలోసిస్, స్పాండిలోలిస్థెసిస్ ఒకటేనా?

బ్రాడీపేట వాసి:
మా అమ్మకి 62 ఏళ్లు. పొయ్యి దగ్గర కాసేపు నిలబడితే నడుం నుంచి ఎడమ పిక్క దాకా లాగేస్తోందంటే కొత్తపేటలో ఎమ్మారై తీయించాం. రిపోర్టులో "ఎల్4-ఎల్5, గ్రేడ్ 1 స్పాండిలోలిస్థెసిస్" అని ఉంది. మెడికల్ బిల్లుల ఫారం టైప్ చేయిస్తే జిరాక్స్ షాపు కుర్రాడు స్పాండిలోసిస్ అని కొట్టాడు. రెండూ ఒకటేనంట, వాడే డాక్టరైనట్టు! పూస జారిందని తెలిసి అమ్మ మంచం దిగట్లేదు, అదో టెన్షన్.

ఫిజియో, పటమట:
ఒకటి కాదండీ. స్పాండిలోసిస్ అంటే వయసుతో వెన్నుపూసలు, డిస్కులు అరగడం. స్పాండిలోలైసిస్ అని ఇంకోటుంది, పూస వెనక భాగంలో పగులు. మీ అమ్మగారిది, అంటే స్పాండిలోలిస్థెసిస్, పై పూస (ఎల్4, నడుంలో నాలుగోది) కింది పూస (ఎల్5, ఐదోది) మీద నుంచి కాస్త ముందుకు జరగడం. గ్రేడ్ 1 అంటే ఆ జరుగుడు పావు వంతు లోపే. 50 దాటిన ఆడవాళ్లలో ఎల్4-ఎల్5 దగ్గర ఇది మామూలే. చాలామందికి మందులు, వ్యాయామాలతోనే సర్దుకుంటుంది. మంచం మీదే ఉంచకండి, మెల్లగా నడిపించండి. కాలు పట్టు తప్పినా, మూత్రం ఆగకపోయినా, బిగుసుకుపోయినా మాత్రం వెంటనే ఆసుపత్రికి.

తెనాలి బాబాయ్:
స్పాండిలో తర్వాత ఎల్, ఐ, ఎస్, టి, హెచ్, ఇ, ఎస్, ఐ, ఎస్. హెచ్ మింగేస్తారు, దగ్గరుండి కొట్టించు అబ్బాయ్.

బ్రాడీపేట వాసి:
థాంక్సండీ. అమ్మకి చదివి వినిపించా. "పావు వంతేనా" అని లేచి కాఫీ పెట్టుకుంది.