గ్రీసులో అమ్మానాన్నలతో మూడు రోజులు: సముద్రం దగ్గర చిన్న ఊరు చెప్పండి

గోదారిగట్టు:
మేం మ్యూనిక్‌లో ఉంటామండి. ఏప్రిల్‌లో అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. రెండు రోజులు ఏథెన్స్ చూపించి, కారు అద్దెకి తీసుకుని మూడు రోజులు సముద్రం పక్కన ఏదైనా చిన్న ఊళ్లో ఉందామని ఉంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. అందుకే సాంటోరీని వద్దనుకున్నాం. ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. నాఫ్‌ప్లియో బాగుంటుందని ఒకరు చెప్పారు. పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

తోటకూర కాడ:
మేం మా అత్తగారితో వెళ్లాం. నాఫ్‌ప్లియో మంచి ఊరండి. పలమీదీ కోటకి ఊళ్లోంచి 999 మెట్లు అంటారు గానీ మీకు వాటితో పని లేదు, వెనకనుంచి కారు రోడ్డు పైదాకా వెళ్తుంది. ఊరి మధ్య సిండగ్మా చౌరస్తా అంతా చదును, కార్లు రావు. 1834లో ఏథెన్స్‌కి మార్చేదాకా గ్రీసు రాజధాని ఇదే. శనాదివారాలు మాత్రం ఏథెన్స్ జనం దిగిపోతారు, మధ్య రోజుల్లో వెళ్లండి. తిండికి బెంగ లేదు. ఖోర్తా అని ఉడికించిన ఆకుకూర, ఆలివ్ నూనె, నిమ్మరసంతో ఇస్తారు. ఎండాకాలంలో వ్లీతా అని పెడతారు చూడండి, అది మన తోటకూర జాతే. మా అత్తగారు రోజూ రెండు పళ్లేలు తెప్పించుకున్నారు.

వైనతేయ:
నాఫ్‌ప్లియోలో ఒక రాత్రి ఉండి, మిగతా రెండూ లెయొనీదియోలో ఉండండి. నాఫ్‌ప్లియో నుంచి దక్షిణంగా తీరం వెంట గంటన్నర దారి. ఆస్త్రోస్ దాటాక అన్నీ మలుపులే, ఒక పక్క కొండ, ఇంకో పక్క దిగువన సముద్రం. అమ్మగారికి కారు పడకపోతే ముందు సీట్లో కూర్చోబెట్టండి.

ఊరు సముద్రానికి 4 కిలోమీటర్లు లోపల. వెనక ఎర్రటి కొండ గోడలా నిలబడి ఉంటుంది. చలికాలంలో దాన్ని ఎక్కడానికే ఎక్కడెక్కడి నుంచో కుర్రాళ్లు వస్తారు. సముద్రపొడ్డున ప్లాకా అని చిన్న రేవు, నాలుగు భోజనశాలలు, గులకరాళ్ల ఒడ్డు. చెప్పులు లేకుండా నడవలేరు. మేం వెళ్లింది 2025 ఈస్టర్‌కి. ఆ ఏడు జర్మనీ ఈస్టర్, గ్రీకుల ఈస్టర్ రెండూ ఏప్రిల్ 20నే పడ్డాయి కాబట్టి మా అమ్మాయికి బడి సెలవులు కలిసొచ్చాయి. అన్నేళ్లూ అలా కలవవు, 2026లో వారం తేడా. తేదీలు చూసుకోండి. శనివారం అర్ధరాత్రి గుడి గంటలు మోగగానే రెల్లు, కాగితంతో కట్టిన దీపాల బుడగల్ని ఆకాశంలోకి వదులుతారు. ఒక్కో గుడి వాళ్లు మా బుడగలెక్కువంటే మావెక్కువని పోటీ. మా పిల్ల మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూసింది.

ఈస్టర్ ముందు ఉపవాసాలు గనక మాంసం, పాలు, గుడ్లు లేని వంటలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటిని నిస్తీసిమా అంటారు. కానీ ఒక్క మాట గట్టిగా చెప్తున్నా: ఆ ఉపవాసంలో చేప తినరు గానీ ఆక్టోపస్, రొయ్యలు తింటారు. అందుకని నిస్తీసిమా అనగానే నమ్మి తినేయకండి. "హోరిస్ క్రేయాస్, హోరిస్ థలస్సినా" అనండి, మాంసం వద్దు, సముద్రపు జీవాలూ వద్దని. అర్ధరాత్రి పూజ తర్వాత ఇచ్చే సూప్ గొర్రె పేగులతో చేస్తారు. ఆదివారం వీధివీధినా గొర్రెని నిప్పుల మీద తిప్పుతుంటారు. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.

ఆ ఊరు వంకాయకి పేరు. పొడుగ్గా, ఊదా రంగు మీద తెల్ల చారలు, చేదుండదు. ఏప్రిల్‌లో తాజాగా దొరకదు. మేం దిగిన ఇంటావిడ లేత వంకాయల్ని బాదంపప్పు పెట్టి పాకంలో వేసింది, చిన్న పళ్లెంలో ఒక్కటి, పక్కన చల్లటి మంచినీళ్లు ఇచ్చింది. గుత్తి వంకాయ తిని పెరిగినదాన్ని, వంకాయ పాకంలోనా అనుకున్నా. ఇంకోటి అడిగి తిన్నాను.

అసలు నేను ఆ ఊరే వెళ్లమని ఎందుకంటున్నానంటే, అక్కడి పెద్దవాళ్ల భాష వేరు. త్సాకోనికా అంటారు. మిగతా గ్రీకు యాసలన్నీ ఒక తల్లి పిల్లలైతే ఇది స్పార్టా వైపు డోరిక్ అనే పాత గ్రీకు యాస కన్న బిడ్డ. ఊళ్లో బోర్డు ఉంటుంది: మా భాష త్సాకోనికా, అడగండి, మాట్లాడతారు అని. మేం అడిగాం. అరుగు మీద కూర్చున్న ముసలావిడ మా అమ్మాయి చెయ్యి పట్టుకుని "కాఊర్ ఎకానతే" అంది, స్వాగతం అని. అమ్మని ఏమంటారని మా పిల్ల అడిగించింది. మామూలు గ్రీకులో మితేరా. ఆవిడ "మాతి" అంది. "అమ్మా, మన మాతే కదా!" అంది మా పిల్ల. తెలుగులోనే అంది. ఇంట్లో నేనేం అడిగినా జర్మన్‌లో జవాబిచ్చే పిల్ల. ఆ ముసలావిడ మనవడు పక్కనే ఉన్నాడు, ఆవిడ త్సాకోనికాలో ఏదో అంటే మామూలు గ్రీకులో బదులిచ్చి వెళ్లిపోయాడు. నాకు గొంతు పట్టేసింది.

గోదారిగట్టు:
అక్కా, ఇది అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. "మాతి" దగ్గర ఆపి మళ్లీ చదవమంది. లెయొనీదియోలో రెండు రాత్రులు ఖాయం. నాన్నకి అన్నం లేకపోతే కుదరదు, వండుకోవడానికి వీలవుతుందా?

వైనతేయ:
వంటగది ఉన్న గదులు దొరుకుతాయమ్మా, కింద అంతస్తే కావాలని రాసి అడుగు. ఈస్టర్ వారం అయితే గదులు నెలల ముందే నిండిపోతాయి, ఇవాళే మొదలుపెట్టు. కోస్మాస్ వెళ్లే దారిలో ఎలోనా మఠం ఎర్ర కొండకి అతుక్కుని ఉంటుంది, అమ్మ నడవలేకపోయినా రోడ్డు మీంచే కనిపిస్తుంది. అరుగు మీద ఆవిడ మీకూ కనిపిస్తే, కిందటేడు ఇండియా పిల్ల మాతి అని నేర్చుకుని వెళ్లింది, ఇప్పటికీ నన్ను అలాగే పిలుస్తోందని చెప్పండి.